మన్యం పితూరీలు – 9: వెదురు తుపాకుల స్వామి

గత వారం రంప మన్సబుదారు కథ ముగించాం. 1848లో పెత్తనం చేతికి చిక్కాక ఆయన ముఠాలను, అంటే కొండ ఊళ్ళ గుంపులను, ఒక్కొక్కటిగా ఎలా కలుపుకున్నాడో, చెట్టెక్కి గీసుకునే కల్లు మీద చిగురుపన్ను ఎలా పిండుకున్నాడో చెప్పుకున్నాం. దానికి సర్కారువారి కల్లు గుత్త కూడా తోడై, 1879 మార్చిలో కొండలు ఎలా అంటుకున్నాయో చూశాం. ఆ తిరుగుబాటు నాయకుడు ద్వారబంధాల చంద్రయ్య హతమయ్యాడు. మన్సబు రద్దయింది. ముఠాదార్లు నేరుగా సర్కారుకే ఒడంబడికలు రాసిచ్చారు. దొరలు దస్త్రాలు కట్టేసి, మన్యం చల్లబడిందనుకున్నారు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. వికారి సంవత్సరం పోయి శార్వరి వచ్చింది. 1900 ఎండాకాలం. ఈసారి కదలిక రంప వైపు రాలేదు. ఉత్తరాన, సాలూరు కొండల్లో వచ్చింది. దానికి నాయకుడు ముఠాదారు కాదు, మన్సబుదారు కాదు. తనకు పూనకం వచ్చిందని చెప్పిన, కొండదొర తెగకు చెందిన ఒక మనిషి. పేరు కొర్ర మల్లయ్య.

కొండ గోడకు ఇవతల

అరకు లోయలో నిలబడి ఈశాన్యంగా చూస్తే వరసగా కనిపించే కొండల గోడకు ఆవలి అంచున సాలూరు, పాచిపెంట ఉంటాయి. ఇవాళ సాలూరు పేరు చెబితే లారీలు గుర్తుకొస్తాయి. ఊరు దాటగానే ఘాట్ రోడ్డు మొదలై, మెలికలు తిరుగుతూ ఒడిశాలోని పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు ఎక్కుతుంది. ఆ కనుమ చాలా పాతది. జయపురం రాజుల కాలంలో దీనికి కాపలా కాసినవారే పాచిపెంట జమీందార్లు. వారికి జయపురం రాజు ఇచ్చిన బిరుదు దక్షిణ కవాట యువరాజు. కొండరాజ్యానికి దక్షిణపు తలుపు వారి చేతిలో ఉండేది. మైదానంనుంచి ఉప్పు, గుడ్డ పైకెక్కాలన్నా, కొండ నుంచి చింతపండు, పసుపు, కరక్కాయ కిందికి దిగాలన్నా ఇలాంటి తలుపుల గుండానే.

తలుపు దగ్గర కూర్చున్నవాడికి సుంకం దక్కుతుంది. దాని ముందు కావడి దించి నిలబడ్డవాడికి ఎదురుచూపు మిగులుతుంది. సాలూరు ఏజెన్సీ చరిత్రంతా ఈ ఇద్దరి మధ్య సంబంధమే.

మల్లయ్య ఊరు కొర్రవానివలస. ఈ ప్రాంతంలో ఊరి పేర్ల చివర 'వలస' అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఎవరో ఒక ఇంటిపేరువాళ్ళు వచ్చి పొద కొట్టి, పాక వేసి నిలబెట్టిన ఊళ్ళవి. ఇంటిపేర్లకూ ఒక లెక్క ఉంది. అరకు, పాడేరు కొండల్లో కిల్లోవారికి పులి, వంతాలవారికి పాము, పాంగివారికి గద్ద కులచిహ్నాలు. కొర్రవారికి సూర్యుడు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ముందు అడిగేది ఆ పేరే. ఒకే పేరువాళ్ళు అన్నదమ్ములు, వారి మధ్య పెళ్ళి కుదరదు.

మల్లయ్య కథ మనకు ప్రధానంగా సర్కారు కలం నుంచే వచ్చింది. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో దానికి దక్కిన చోటు అర పేజీకి మించదు. రెండేళ్ళ తర్వాత ఎడ్గార్ థర్‌స్టన్ తన కులాలు-తెగల సంపుటాల్లో కొండదొరల గురించి రాస్తూ అదే కథ మళ్ళీ చెప్పాడు. గెలిచినవాడు రాసిన అర పేజీ అది. అందులోని సంఘటనలను తీసుకుందాం. వాటికి ఆయన పెట్టిన పిచ్చి నమ్మకం అన్న పేరును మాత్రం కాసేపు పక్కన పెడదాం.

కొండమీద ఒక ఏడాది

వేలమంది ఇల్లూ వాకిలీ వదిలి ఒక మనిషి చుట్టూ ఎందుకు చేరారో తెలియాలంటే, ముందు వాళ్ళ ఏడాది ఎలా గడిచేదో చూడాలి.

మాఘ ఫాల్గుణాల్లో కొండవాలున చెట్లు కొట్టి ఎండబెడతారు. ఎండలు ముదిరాక నిప్పు పెడతారు. తొలకరి పడగానే ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లుతారు. అదే పోడు. రెండు మూడేళ్ళు పండించి, నేల అలిసిందనిపించగానే దాన్ని అడవికి వదిలేసి మరో వాలుకు కదులుతారు. వలిసెలు పసుపుపచ్చగా పూసే నాటికి ఇంట్లో గింజ ఉంటుంది. చైత్రంలో ఇటుకల పండుగ వచ్చేసరికి గాదె అడుగంటుతుంది. అక్కడినుంచి కొత్త పంట చేతికొచ్చేదాకా జీలుగు కల్లు, మామిడి టెంక పిండి, అడవి దుంపలు, పైన పలచని చోడి అంబలి. ఆ నెలల్లోనే షావుకారు గుమ్మం తొక్కాల్సి వస్తుంది.

అప్పు గింజల్లో మొదలవుతుంది. గింజకు గింజన్నర. తీరకపోతే పంట, పంట చాలకపోతే పశువు, అదీ చాలకపోతే మనిషి. జయపురం వైపు కొండల్లో దీన్ని గొత్తి అనేవారు. అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లోనో కామందు పొలంలోనో చాకిరి చెయ్యాలి. లెక్క మాత్రం రాయడం వచ్చినవాడి చేతిలో ఉంటుంది కాబట్టి అది తీరేది తక్కువ. దీన్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా నిబంధన తెచ్చింది 1940లో. అంటే మల్లయ్య కాలానికి ఇంకా నలభై ఏళ్ళ దూరం.

షావుకారు పైన సర్కారు. 1839 చట్టం ఈ కొండలన్నిటినీ మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా చేసి ఆయన చేతిలో పెట్టింది. శిస్తు ఆయనదే, తీర్పూ ఆయనదే. కొండవాడిని కాపాడటానికే ఈ ఏర్పాటని దొరలు చెప్పుకున్నారు. ఆచరణలో కొండవాడికి ఏజెంటు కనపడడు. కనపడేది కానిస్టేబులు, అమీను, వారి డవాలీ బంట్రోతు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చారంటే కోడి, బియ్యం, నెయ్యి అమర్చాలి. మూటలు మోయాలి. దానికి కూలి అడిగినవాడు ఉండడు, ఇచ్చినవాడూ ఉండడు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక సర్కారు అడవుల్లో పోడు కూడా నేరం జాబితాలోకి జరిగింది. అడవి జమీందారీది అయితే గుత్తదారు కొత్తగా వసూలు మొదలుపెట్టేవాడు.

వీటన్నిటి మీదా 1896–97 కరువు. ఉత్తర జిల్లాల్లో పనులు పెట్టి గంజి పోయాల్సి వచ్చిన కాలం అది. మైదానంలో ధాన్యం ధర ఎక్కితే కొండమీద అప్పు బరువెక్కుతుంది. ఆ అప్పు మూడేళ్ళలో తీరేది కాదు.

ఫిర్యాదు చేయడానికి చోటు లేనివాడు దేవుడికి చెప్పుకుంటాడు. ఆ దేవుడు తమ భాషలో జవాబిస్తున్నాడని వింటే పరుగెత్తుకెళతాడు. మల్లయ్య చుట్టూ అదే జరిగింది.

పాండవులు తిరిగొచ్చారు

మొదట మల్లయ్య చెప్పింది చిన్న మాటే. తనకు దేవుడి ప్రేరణ ఉందన్నాడు. ఇలాంటివాళ్ళు కొండల్లో కొత్త కాదు. గురువులు, శివమెత్తేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు ప్రతి సంతకూ ఒకరు దొరుకుతారు. ఏజెన్సీ నలుమూలల నుంచీ జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు వెళ్ళలేదు. చివరకు నాలుగైదు వేలమంది ఆయన చుట్టూ గుడారం కట్టినట్టు కూర్చున్నారు. తొలినాళ్ళలో వాళ్ళ వల్ల ఎవరికీ హాని జరగలేదని గెజిటీరు కూడా ఒప్పుకుంది.

తర్వాత మాట మారింది. పంచపాండవుల్లో ఒకడు తనలో మళ్ళీ పుట్టాడని, జనం స్వామి అని పిలుస్తున్న మల్లయ్య ప్రకటించాడు.

ఈ మాట వినగానే మైదానపు మనిషి నవ్వుతాడు. కొండదొర నవ్వడు. కొండదొరలు తమది పాండవుల వంశమని చెప్పుకుంటారు. వారి పూజల్లో కొండదేవతలతో, తలుపులమ్మతో పాటు పాండవులకూ చోటుంది. ఆ కథ వాళ్ళకు పురాణ కాలక్షేపం కాదు, ఇంటి సంగతి. రాజ్యం ఉండి కూడా మోసపు పాచికల్లో పోగొట్టుకుని అడవి పట్టినవాళ్ళు పాండవులు. ఒకప్పుడు ఈ కొండల మీద పెత్తనం చేసిన దొరలై ఉండి, ఇప్పుడు కానిస్టేబులు మూట మోస్తున్నవాళ్ళు కొండదొరలు. పన్నెండేళ్ళ వనవాసం, ఏడాది అజ్ఞాతం ముగిశాక రాజ్యం తిరిగి రావాలి కదా. ఆ లెక్క ప్రకారం ఎదురుచూస్తున్న జనానికి మల్లయ్య ఒక తేదీ ఇచ్చినట్టయింది.

అంతవరకు స్వామి చెప్పినదాంట్లో ఊరట ఉంది. ఇకపై చెప్పినదాంట్లో ఆజ్ఞ ఉంది. ఇంగ్లీషువాళ్ళను తరిమేస్తాను, దేశాన్ని నేనే ఏలుతాను అన్నాడు. వెదురు బొంగులు నరికి తెమ్మన్నాడు. వాటిని తన మహిమతో తుపాకులుగా మారుస్తానన్నాడు. సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయన్నాడు. జనం వెదురు నరికారు. తుపాకీ ఆకారం వచ్చేలా చెక్కారు. వాటిని భుజాన పెట్టుకుని వరసల్లో నిలబడ్డారు. స్వామి స్వయంగా కవాతు చేయించాడు.

ఆ కవాతును ఒక్కసారి కళ్ళముందు నిలుపుకుంటే రెండు సంగతులు తడతాయి. ఒకటి, ఈ జనానికి విల్లు తెలుసు, గొడ్డలి తెలుసు. అడవిపందిని ఒక్క బాణంతో పడగొట్టే చేతులవి. ఆ చేతుల్లో స్వామి పేలని బొంగు పెట్టాడు. తమకు వచ్చిన విద్యకంటే శత్రువు ఆయుధపు బొమ్మలోనే బలం ఉందనిపించింది వాళ్ళకు. పోలీసుల కవాతును అంతగా చూసి, అంతగా భయపడిన మీదట కలిగే నమ్మకం అది. రెండోది, బొంగు తుపాకీ అయ్యేది స్వామి మాట మీద. ఆ మాట లేకపోతే చేతిలో ఉన్నది వెదురే. అంటే ప్రతి అనుచరుడి ప్రాణమూ ఒక్క మనిషి నోటికి కట్టుబడింది. ఏ ముఠాదారుకూ ఏ జమీందారుకూ అంత అధికారం ఉండలేదు.

పసికూన కృష్ణుడు

ఇక్కడే ఈ కథలో చాలామంది దాటిపోయే మాట ఒకటుంది. తాను పాండవుడినన్న రోజుల్లోనే మల్లయ్య తన చంటి కొడుకును శ్రీకృష్ణుడని ప్రకటించాడు.

భారతం తెలిసినవాడికి ఇది పొసగదు. కృష్ణుడు పాండవులకు మేనమామ కొడుకు, సఖుడు, దిక్కు. వారసుడు మాత్రం కాదు. హస్తినాపురం చివరకు దక్కింది పరీక్షిత్తుకు. కృష్ణుడు స్వయంగా సింహాసనం ఎక్కి ఏలినవాడూ కాదు. మల్లయ్యకు ఈ కథ తెలియక కాదు. ఆయనకు కావలసింది వేరు. తాను రాజునవుతానని చెప్పినవాడికి ఆ వెంటనే ఎదురయ్యే ప్రశ్న, తర్వాత ఎవరు?

కొండల్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు తెలుసు. ముఠా తండ్రి నుంచి కొడుక్కి. జమీ తండ్రి నుంచి కొడుక్కి. వారసుడు తేలని చోట ఏమవుతుందో రంపలో చూశాం. 1835లో మన్సబుదారు పోయాక కూతురా, కొడుకా అన్న తగువు పుష్కరకాలం నలిగింది. మల్లయ్య ఆ తగువుకు చోటివ్వలేదు. కొడుకును తనకంటే పై మెట్టు మీద కూర్చోబెట్టాడు. తండ్రి దేవుడి అంశ, కొడుకు సాక్షాత్తు దేవుడు. ఆ శిబిరంలో స్వామి తర్వాత నేను అనుకునే పెద్దమనుషులు ఎవరైనా ఉండి ఉంటే వారి నోటికి తాళం పడింది. ఉయ్యాలలో ఉన్న దేవుడితో పోటీ పడేదెవరు?

రాజుల పెత్తనం మీద లేచినవాడు రాజుల పద్ధతినే తెచ్చి పెట్టుకోవడం చరిత్రలో తరచుగా జరిగేదే. కానీ ఈ ఏర్పాటులో ఒక లొసుగు ఉంది. ముఠాదారు కొడుక్కి తండ్రి నుంచి భూమి వస్తుంది, కాగితం వస్తుంది. మల్లయ్య దగ్గర ఉన్నది మాట ఒక్కటే. మాటను చంటిబిడ్డకు ఎలా అప్పగిస్తాడు? ఆ బిడ్డకు ఇంకా మాటలే రాలేదు.

సర్కారు కథనంలో ఆ బిడ్డ తల్లి ప్రస్తావన లేదు. కొర్రవానివలస గుడిసెలో ఒక కొండ ఆడమనిషి కన్న కొడుకును జనం మొక్కుతూ ఉంటే ఆమె ఏమనుకుందో చెప్పేవారెవరూ రాయలేదు.

అయిదువందల కుంచాలు

నాలుగువేల మంది ఒకచోట కూర్చుంటే ఏం తింటారు? మనిషికి రోజుకు తవ్వెడు చోళ్ళు చొప్పున వేసినా అయిదువందల కుంచాలు. వచ్చినవాళ్ళు మూటగట్టుకుని తెచ్చింది ఎన్నాళ్ళు? పైగా అది చైత్ర వైశాఖాల మధ్య కాలం. గాదెలు ఖాళీ. నరికిన పోడుకు నిప్పు పెట్టాల్సిన రోజులు కూడా అవే. వాన పడేలోగా కొండ కాలకపోతే ఆ ఏడు పంట లేదు. శిబిరంలో కూర్చున్న ప్రతి మగవాడూ వచ్చే ఏటి తిండిని పణంగా పెట్టి కూర్చున్నాడు. అంత పెట్టుబడి పెట్టినవాళ్ళు స్వామి మాట అబద్ధమేమో అని అనుకోలేరు. స్వామి కూడా ఇక ఇళ్ళకు పొండి అనలేడు. మహిమ చూపించాలి, లేదా గింజలు చూపించాలి.

పాచిపెంటను దోచుకోవడానికి వస్తున్నామని శిబిరం నుంచి కబురు వెళ్ళింది. కనుమ కింద ఉన్న ఊరు అదే. కోట అక్కడ, కొట్లు అక్కడ, గింజ అక్కడ. ఆ కబురు వెనక ఆకలి ఉందని నేను అనుకుంటున్నాను. గెజిటీరు మాత్రం దాన్ని ఉన్మాదమని తేల్చేసింది.

మే 1, మంగళవారం

సంగతేమిటో చూసి రమ్మని ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపారు. వాళ్ళు శిబిరానికి వెళ్ళారు. గుంపు వాళ్ళ మీద పడి కొట్టి చంపింది.

ఆ ఇద్దరి పేర్లు గెజిటీరు రాయలేదు. పోలీసు ఉద్యోగానికి ఆ రోజుల్లో చేరింది పల్లెల్లోని బీదవాళ్ళే. కొండవాడి కోడిని ఉచితంగా తిన్నది వాళ్ళే కావచ్చు, కాకపోనూ వచ్చు. విచారణ లేకుండా, తప్పించుకునే దారి లేకుండా వేలమంది మధ్య ఇద్దరిని చంపడం న్యాయపోరాటం కిందికి రాదు. సర్కారు అన్యాయాన్ని ఎంత గట్టిగా చెప్పుకుంటామో దీన్నీ అంత గట్టిగా చెప్పుకోవాలి. స్వామి అడ్డుకున్నట్టు ఎక్కడా లేదు. వేలమందిని ఒక్క మాటతో కవాతు చేయించగలిగినవాడు ఒక్క మాటతో ఆ దెబ్బలు ఆపగలిగేవాడు. అధికారం ఉన్నవాడి నేరం చేసినదాంట్లోనే ఉండదు, ఆపకపోవడంలోనూ ఉంటుంది.

శవాలను తెచ్చుకోవడానికి స్థానిక పోలీసులు ప్రయత్నించారు. స్వామి మనుషుల తీరు చూసి వెనక్కి తగ్గారు. అంతటితో శిబిరంలో నమ్మకం రెట్టింపై ఉండాలి. తుపాకులున్నవాళ్ళు వెనక్కి పోయారు. వెదుళ్ళున్నవాళ్ళు నిలబడ్డారు. స్వామి చెప్పిందే జరుగుతోంది.

మే 7, తెల్లవారుజాము

జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా బయల్దేరాడు. విశాఖపట్నం నుంచి, పార్వతీపురం నుంచి, జయపురం నుంచి రిజర్వు పోలీసులను పోగుచేశాడు. మే 7న, సోమవారం తెల్లవారుతుండగా శిబిరం మీద పడ్డారు. స్వామినీ ముఖ్యులనూ పట్టుకోవడం ఉద్దేశం. గుంపు ఎదురు తిరిగింది. పోలీసులు కాల్పులు జరిపారు.

తుపాకులు నీళ్ళు కాలేదు. వెదుళ్ళు పేలలేదు. పదకొండుమంది చనిపోయారు. కొందరు గాయపడ్డారు, కొందరు దొరికారు. మిగిలినవాళ్ళు అడవిలోకి చెదిరిపోయారు.

చనిపోయినవాళ్ళు స్వామి మాట నమ్మి తుపాకీ గొట్టానికి ఎదురు నిలబడ్డారు. వెదురు చేతికిచ్చినవాడికి ఆ మరణాల్లో వాటా ఉంది. వేలమంది నిరాయుధుల్లాంటి జనం మీదికి రిజర్వు బలగాలను తోలినవాడికీ వాటా ఉంది. అన్ని వేలమంది పోడు వదిలి, ఇల్లు వదిలి కొండమీద ఎందుకు కూర్చున్నారని అంతకుముందే అడగని పాలనకు ఇద్దరికంటే పెద్ద వాటా.

అరవైమంది మీద దొమ్మీ కేసు నడిచింది. స్వామితో కలిపి ముగ్గురి మీద కానిస్టేబుళ్ళ హత్య కేసు. స్వామి జైల్లోనే పోయాడు. మిగిలిన ఇద్దరినీ ఉరి తీశారు. చిన్ని కృష్ణుడు కూడా చనిపోయాడు. ఆ మాటతోనే గెజిటీరు కథ చుట్టేసింది. తండ్రి పోయాడు, కొడుకు పోయాడు, గొడవ తీరింది.

వారసుడు పోతే ఉద్యమం పోయినట్టే అని దొర అనుకోవడం విచిత్రం కాదు. మల్లయ్య కూడా అలాగే అనుకున్నాడు కదా. ఈ ఒక్క విషయంలో స్వామీ సర్కారూ ఒకే పాఠం చదువుకున్నారు.

నీళ్ళైన తూటాలు, ఇతర దేశాల్లో

జైల్లో చనిపోయిన ఆదివాసీ దేవుడు మల్లయ్య ఒక్కడే కాదు. ఛోటానాగ్‌పుర్‌లో బిర్సా ముండా 1900 జూన్ 9న రాంచీ జైల్లో కన్నుమూశాడు. ఆయననూ జనం భగవానుడన్నారు. అక్కడా తూటాలు నీళ్ళవుతాయన్న నమ్మకం ఉంది. అయిదేళ్ళ తర్వాత, 1905లో, జర్మన్ల ఏలుబడిలో ఉన్న తూర్పు ఆఫ్రికాలో, అంటే నేటి టాంజానియాలో, కింజికిటిలే అనే గురువు మంత్రజలం ఇచ్చి తూటాలు నీళ్ళవుతాయన్నాడు. స్వాహిలీలో మాజీ అంటే నీళ్ళు. ఆ తిరుగుబాటుకు మాజీ మాజీ అన్న పేరే నిలిచింది. ఒకరి పేరు ఒకరు వినని మూడు చోట్ల ఒకే కల. తుపాకీ తప్ప ఇంకేమీ చూపించని పాలన కింద ఉన్నవాడికి ఆ తుపాకీ కరిగిపోవాలన్న కోరికే మొదట పుడుతుంది.

తేడా ఎక్కడుందంటే, నాయకుడు పోయాక ఏం మిగిలిందన్న దగ్గర. కింజికిటిలేను జర్మన్లు తిరుగుబాటు తొలిరోజుల్లోనే ఉరితీశారు. పోరు 1907 దాకా సాగింది. ఎందుకంటే మంత్రజలాన్ని ఊరూరికీ మోసుకెళ్ళినవాళ్ళు వేరే ఉన్నారు. బిర్సా పోయాక ఆయన పేరుమీద మతం నిలిచింది. ముండాల భూమి హక్కులకు 1908లో ఛోటానాగ్‌పుర్ కౌలు చట్టం వచ్చింది. మల్లయ్య దగ్గర నమ్మకమంతా ఒక చోట, ఒక మనిషిలో, ఆయన ఒడిలోని బిడ్డలో ఉండిపోయింది. మే 7 తెల్లవారుజామున ఆ చోటు చెదిరింది. దాంతో అంతా చెదిరినట్టే కనిపించింది.

కనిపించింది అంతే. అడవిలోకి పారిపోయిన నాలుగువేల మంది ఎక్కడికి వెళ్ళారు? ఇళ్ళకే వెళ్ళారు. పోడు కాలే అదను దాటిపోయింది. షావుకారు గుమ్మం తెరిచే ఉంది. కనుమ దగ్గర తలుపూ అలాగే ఉంది. కొండభూములు మైదానపువాళ్ళ చేతుల్లోకి పోకుండా ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం రావడానికి ఇంకా పదిహేడేళ్ళు పట్టింది. స్వామికి వారసుడిగా చంటిబిడ్డ నిలవలేదు. కొండవాడి అప్పు, వెట్టి, అవమానం నిలిచాయి. వాటికి ఏ జైల్లోనూ చావు రాలేదు.

వచ్చే వారం

ఆ వారసత్వం ఇరవై రెండేళ్ళ తర్వాత దక్షిణాన, గూడెం కొండల్లో బయటపడుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయిస్తూ కూలి ఎగ్గొట్టిన డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్, ఆ కూలీల మధ్యకు కాషాయం కట్టుకుని వచ్చిన ఒక మైదానపు యువకుడు, అన్యాయం మీద అర్జీలు పెట్టి విసిగిపోయిన గాం సోదరులు వచ్చే భాగంలో మనకు కలుస్తారు. ఈ యువకుడినీ జనం దేవుడన్నారు. ఆయన మాత్రం వెదురు చెక్కించలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడి నిజమైన తుపాకులే పట్టుకుపోయాడు. కొడుకును వారసుడిగా చూపించలేదు, ఆయనకు కొడుకూ లేడు. ఆయన పోయాక కూడా గాం గంటం దొర నెల రోజులు పోరాడి మరణించాడు. తమ్ముడు మల్లు దొర శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభలో కూర్చున్నాడు.

అల్లూరి సీతారామరాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపిన రోజు 1924 మే 7. కొర్ర మల్లయ్య శిబిరం మీద పోలీసులు పడిన తేదీ కూడా మే 7. మధ్యలో గడిచినవి సరిగ్గా ఇరవై నాలుగేళ్ళు.